మా ఊళ్ళ రైతుల గ్రూపు నా చేతికొచ్చింది, దాన్ని బాగా నడపాలంటే మనిషికి ఏమేం ఉండాలి?

పాలకొల్లు_రైతు:

అందరికీ నమస్కారమండి. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. మా చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ళ రైతులకి కలిపి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది, ఆరువందల మంది పైచిలుకు ఉంటారు. వరి వాళ్ళున్నారు, చేపల చెరువులు, రొయ్యల చెరువుల వాళ్ళున్నారు, కొబ్బరి వాళ్ళున్నారు, కౌలు రైతులూ బాగానే ఉన్నారు. ఇన్నాళ్ళూ మాకు బాబాయి వరసయ్యే పెద్దాయన చూసుకునేవారు. ఆయన కూతురి దగ్గరికి హైదరాబాద్ వెళ్ళిపోతూ "ఇకనుంచి నువ్వే చూసుకోవాలిరా అబ్బాయ్" అని గ్రూపు నాకు అప్పగించారు.

ఒకప్పుడు ఆ గ్రూపు వల్ల చాలా మేలు జరిగేదండి. దాళ్వాలో (రబీ పంటలో) నీటి వంతు ఎప్పుడొస్తుందో, ఏ కాలవకి నీళ్ళు ఎప్పుడు వదులుతారో, ఊడ్పులకి మనుషులు ఏ ఊళ్ళో దొరుకుతున్నారో, తెగులుకి ఎవరు ఏం కొడితే తగ్గిందో అన్నీ అందులోనే తెలిసేవి. ఇప్పుడు పొద్దున్నే శుభోదయం బొమ్మలు, గుడి వీడియోలు, ఆ తర్వాత పార్టీల గోల, మధ్యాహ్నానికి మందులమ్మే కుర్రాళ్ళ ప్రకటనలు. అసలు ప్రశ్న వీటి కింద ఎక్కడో పూడుకుపోతోంది. మొన్న సార్వాలో (ఖరీఫ్‌లో) ఒక కౌలు రైతు "చేలో గుండ్రంగా అక్కడక్కడా ఎండిపోతోంది, ఏం కొట్టాలి" అని అడిగాడు. జవాబు రాకపోగా "ఇది కూడా తెలీనోడివి చేను ఎందుకు చేస్తున్నావు" అని ఒకాయన పెట్టాడు, దాని కింద నలుగురు నవ్వు బొమ్మలు పెట్టారు. సాయంత్రానికల్లా అతను గ్రూపులోంచి వెళ్ళిపోయాడు. బాగా అనుభవమున్న పెద్ద రైతులు కూడా ఈమధ్య ఏమీ మాట్లాడట్లేదు.

ఇవి చాలవన్నట్టు చెరువుల వాళ్ళకీ వరి వాళ్ళకీ ఉప్పునీటి గొడవ. గోదావరికి వరదొస్తే ఇక పుకార్లే పుకార్లు.

నేను ఊళ్ళో చిన్నవాణ్ణి, గట్టిగా చెప్తే పెద్దవాళ్ళు ఏమనుకుంటారోనని మొహమాటం. అయినా దీన్ని మళ్ళీ దారిలో పెట్టాలని గట్టిగా ఉంది. ఇలాంటివి నడిపిన అనుభవమున్నవాళ్ళు చెప్పండి. ముందు ఏం నేర్చుకోవాలి, దేనితో మొదలెట్టాలి?

---

చెరువుగట్టు:

మీ ప్రశ్న చూసి సంతోషమేసిందండి, ఎందుకంటే అడ్మిన్ అంటే తీసేయడం, కలపడం అనుకునేవాళ్ళే ఎక్కువ. నేను భీమవరం, ఉండి, ఆకివీడు వైపు చెరువులకి టెక్నీషియన్‌గా తిరుగుతాను, రొయ్యల రైతుల గ్రూపొకటి చాలాకాలంగా చూస్తున్నాను. నాకు తెలిసినంతలో మొట్టమొదట కావలసింది ప్రశ్నని సరిచేసే ఓపిక. జవాబు మనకి తెలియక్కర్లేదు, తెలిసినవాళ్ళు గ్రూపులో ఉంటారు. కానీ సగం ప్రశ్నకి ఎంత తెలిసినవాడైనా జవాబు చెప్పలేడు.

చూడండి, "రొయ్యలు చచ్చిపోతున్నాయి, ఏం వేయాలి" అని ఒకరు పెడతారు. ఐదు నిమిషాల్లో పది మందుల పేర్లు వచ్చేస్తాయి. అక్కడ అడ్మిన్ వెంటనే దిగి మర్యాదగా అడగాలి: చెరువు ఎన్నెకరాలండి, సీడ్ (రొయ్య పిల్లలు) వేసి ఎన్ని రోజులైంది, ఎకరానికి ఎంత వేశారు, నీళ్ళ ఉప్పు శాతం ఎంత, పీహెచ్ ఎంత, తెల్లవారుజామున ఆక్సిజన్ చూశారా, మేత తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రేలో మేత మిగులుతోందా, చచ్చినవి గట్టు వారన కనిపిస్తున్నాయా లేక అడుగున దొరుకుతున్నాయా, ఒక ఫోటో పెట్టండి. ఇవన్నీ వచ్చాక చూస్తే సగం కేసులు రోగమే కాదు. పగలంతా మబ్బు పట్టి, రాత్రి ఏరియేటర్లు (నీళ్ళలోకి గాలి కలిపే యంత్రాలు) చాలక, తెల్లారేసరికి ఆక్సిజన్ పడిపోయి ఉంటుంది. పగలు ఆక్సిజన్ ఇచ్చే నాచే రాత్రి తిరిగి పీల్చేసుకుంటుంది కాబట్టి మూడు నాలుగు గంటలప్పుడే చెరువు కష్టంలో పడుతుంది. ఆ టైములో కావలసింది ఏరియేటర్ గానీ మందు డబ్బా కాదు.

మీ కౌలు రైతు సంగతి కూడా అంతేనండి. గుండ్రంగా ఎండిందంటే ముందు అనుమానించాల్సింది దోమపోటు, అంటే దుబ్బు మొదట్లో చేరి రసం పీల్చే దోమ. "దుబ్బు పక్కకి తీసి మొదలు దగ్గర చూశావా తమ్ముడూ, దోమ కనపడుతోందా, ఇంతకుముందు ఏం కొట్టావు" అని ఒక్కరు అడిగినా తేలిపోయేది. తెలియక పైరిత్రాయిడ్ మందు కొడితే దోమని తినే పురుగులు, సాలీళ్ళు పోయి దోమ ఇంకా రెచ్చిపోతుంది. ఆ నవ్వు బొమ్మల వల్ల అతనికి చేనే పోయి ఉండొచ్చు. అతని నంబరు ఎవరి దగ్గరైనా ఉంటే మీరే ఫోన్ చేసి మాట్లాడి మళ్ళీ కలపండి, అందరికీ కనపడేలా కలపండి. మీరు ఎలాంటి అడ్మినో చెప్పడానికి అంతకంటే మంచి మొదలు ఉండదు.

ఇంకొకటి, దీనికోసమే అసలు రాస్తున్నాను. గ్రూపులో నిజం చెప్పినవాడికి నష్టం జరగకూడదు. రొయ్యలకొచ్చే వైట్ స్పాట్ వైరస్ రోగానికి మందు లేదు, అది అందరికీ తెలిసిందే. వచ్చిందంటే వారం పది రోజుల్లో చెరువు ఖాళీ అయిపోవచ్చు. ఇప్పుడు ఒకాయన చెరువుకి వచ్చింది. గ్రూపులో చెప్తే ఏమవుతుంది? "నువ్వు సీడ్ టెస్ట్ చేయించలేదు" అని తిడతారు, బయ్యర్ రేటు తగ్గిస్తాడు, చుట్టుపక్కల వాళ్ళు అనుమానంగా చూస్తారు. దాంతో ఆయన చెప్పడు. చెప్పకుండా రాత్రికి రాత్రి తూము ఎత్తేసి ఆ నీళ్ళు డ్రెయిన్‌లోకి వదిలేస్తాడు. కింద ఉన్నవాళ్ళు పొద్దున్నే అదే డ్రెయిన్ నుంచి ఇంజన్ పెట్టి నీళ్ళు తోడుకుంటారు. ఒక చెరువుతో పోవాల్సింది పది చెరువులకి పాకుతుంది.

అదే చెప్పిన మనిషికి గ్రూపులో మర్యాద ఉంటే కథ వేరేలా ఉంటుంది. "మాకు పీసీఆర్ ల్యాబ్ పరీక్షలో వైట్ స్పాట్ పాజిటివ్ వచ్చింది, నీళ్ళు కదపకుండా బ్లీచింగ్ వేసి ఆపుతున్నాం, ఈ వారం డ్రెయిన్ నీళ్ళు తోడకండి" అని ఒక్క మెసేజీ వస్తే ఆ పక్కన ఎంత సొమ్ము మిగులుతుందో లెక్కేసుకోండి. మా గ్రూపులో అలా చెప్పిన మనిషిని ఎవరైనా ఒక్క మాటంటే ఆ అన్నవాళ్ళకి వెంటనే ఫోన్ చేస్తాను. మిగతా విషయాల్లో ఎంతైనా చూసీ చూడనట్టు పోతాను, దీంట్లో మాత్రం పోను.

మందుల వాళ్ళ గురించి. వాళ్ళని పూర్తిగా వెళ్ళగొట్టకండి, వాళ్ళలో విషయం తెలిసిన మంచి కుర్రాళ్ళున్నారు. ప్రకటనలకి వారంలో ఒక రోజు ఇవ్వండి, మిగతా రోజుల్లో జవాబు చెప్తే ఏ కంపెనీ మనిషో మెసేజీలోనే రాయమనండి. నిషేధించిన యాంటీబయాటిక్ పేరు ఎవరు పెట్టినా, క్లోరాంఫెనికాల్ గానీ నైట్రోఫ్యూరాన్ జాతి మందులు గానీ, అది వెంటనే తీసేయాలి. ఎగుమతి సరుకులో అది బయటపడితే కంటైనర్ వెనక్కొస్తుంది, ఆ దెబ్బ మొత్తం ప్రాంతం మీద పడుతుంది.

---

లంక_మాస్టారు:

చెరువుగట్టు గారు చెప్పినదానికి నాదొక్కటి కలుపుతాను. నేను రాజోలు వైపు రిటైర్డ్ టీచర్ని. మా లంక ఊళ్ళ గ్రూపు మామూలు రోజుల్లో నిద్రపోతూ ఉంటుంది, జులై ఆగస్టుల్లో మాత్రం ప్రాణాధారం. అడ్మిన్‌కి ఆ రోజుల్లో కావలసిన గుణం నిదానం, మిగతావన్నీ దాని తర్వాతే.

భద్రాచలంలో 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి మొదటిది, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. ఈ ఆరు అంకెలు గ్రూపు వివరణలో ఎప్పుడూ కనపడేలా రాసి పెట్టండి. భద్రాచలంలో పెరిగిన నీరు ధవళేశ్వరం చేరడానికి కొంత వ్యవధి ఉంటుంది, మనకి చేతిలో ఉండేది ఆ కాస్త టైమే. ఆ టైము "ఏటిగట్టు తెగిపోయిందంట" అన్న ఒక్క మెసేజీతో పోతుంది. జనం గొడ్లని వదిలేసి పరుగెడతారు, లేకపోతే అన్నీ పుకార్లేనని నిజమైన హెచ్చరికని కూడా పట్టించుకోరు. రెండోదే ఎక్కువ ప్రమాదం అంటాను నేను.

2022 జులైలో భద్రాచలంలో 71 అడుగులు దాటి, ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కుల పైన నీరు కిందకి వచ్చింది. 1986 వరద తర్వాత భద్రాచలంలో మళ్ళీ అంత మట్టం చూడటం అప్పుడే. అలాంటి రాత్రి ఫోన్లో ఎక్కడెక్కడి వీడియోలో వస్తాయి. పాత వరద వీడియోలు, వేరే రాష్ట్రం వీడియోలు, మన యాస కాని అరుపులున్న వీడియోలు కూడా "ఇప్పుడే మన గట్టు" అని వచ్చేస్తాయి. వాట్సాప్‌లో రెండు బాణాల గుర్తు కనపడితే అది చాలా చేతులు మారి వచ్చిందని అర్థం. అలాంటివాటిని 2020 నుంచి ఒకసారికి ఒక్కరికే పంపనిస్తున్నారు, అయినా ఆగట్లేదు.

మేము పెట్టుకున్న కట్టుబాటు చెప్తాను. వరద రోజుల్లో ఏది పెట్టినా మూడు సంగతులు ఉండాలి: ఎక్కడ, ఎన్నింటికి, నువ్వు చూశావా విన్నావా. "కనకాయలంక కాజ్‌వే మీద మోకాలి లోతు నీళ్ళు, పొద్దున్న ఆరున్నరకి, నేనే దాటి వచ్చాను" అంటే అది సమాచారం. "కాజ్‌వే మునిగిపోయిందంట" అంటే అది సమాచారం కాదు. విన్నది పెట్టవద్దని కూడా అనలేదు మేము, "విన్నాను" అని రాయమన్నాం. అప్పుడు ఆ దగ్గర్లో ఉన్న ఇంకొకరు వెళ్ళి చూసి చెప్తారు. ధవళేశ్వరం అంకెలు పెట్టే పని ఒక్కరికే ఇచ్చాం, గంట గంటకీ ఆయనే పెడతాడు. పదిమంది పది అంకెలు పెడితే ఏది పాతదో ఏది కొత్తదో ఎవరికీ తెలియదు.

తప్పుడు వార్త పెట్టినవాణ్ణి గ్రూపులో అందరి ముందు కడిగేయకండి. చాలామంది భయంతోనే పెడతారు, చెడ్డ ఉద్దేశంతో కాదు. ఆ మెసేజీ తీసేసి, "ఇది పాత వీడియో, గట్టు బాగానే ఉంది, ఇప్పుడే ఫలానా చోట నిలబడి చూసినవాళ్ళు చెప్పారు" అని సరైన వార్త దాని చోట పెట్టండి. తీసేసి ఊరుకుంటే "ఏదో దాస్తున్నారు" అని ఇంకో పుకారు పుడుతుంది.

---

తణుకు_కుర్రాడు:

పెద్దవాళ్ళు చెప్పింది బాగుంది కానీ నేనైతే కాస్త గట్టిగానే ఉండమంటాను. ఫోన్ చేసి బతిమాలటం ఆరువందల మందితో అయ్యే పని కాదు. రూల్సు నాలుగే పెట్టుకోండి, చదివితే అర నిమిషంలో అయిపోవాలి. పంట, నీళ్ళు, ధర, వాతావరణం, వీటి గురించే. పార్టీ, కులం, సినిమా హీరోలు ఉండవు. ప్రకటనలు ఆదివారమే. అడిగినవాళ్ళని వెక్కిరిస్తే తీసేస్తాం. అంతే. రూలు దాటితే మెసేజీ తీసేయండి, రెండోసారి దాటితే ఒక వారం బయట పెట్టండి, వారం తర్వాత మీరే మళ్ళీ కలపండి. వాట్సాప్‌లో ఇప్పుడు ఎవరి మెసేజీనైనా అడ్మిన్ అందరికీ కనపడకుండా తీసేయొచ్చు. శుభోదయాలకి నాకు తెలిసిన మందు ఒక్కటే, వాటికి వేరే గ్రూపు పెట్టి అక్కడికి పొమ్మనడం. పెద్దవాళ్ళకి అదొక ఆనందం, దాన్ని పూర్తిగా ఆపడం కూడా న్యాయం కాదు.

కేసుల గురించి భయపడేవాళ్ళ కోసం ఒక మాట. ఎవడో ఏదో పెడితే అడ్మిన్‌ని లోపలేస్తారని మన వైపు బాగా ప్రచారంలో ఉంది. 2021లో బాంబే హైకోర్టు నాగపూర్ బెంచి, 2022లో కేరళ హైకోర్టు రెండూ స్పష్టంగా చెప్పాయి, సభ్యుడు పెట్టినదానికి కేవలం అడ్మిన్ అయినంత మాత్రాన బాధ్యుడు కాడని. అయితే తను కూడా దాంట్లో చెయ్యి కలిపితే అది వేరే సంగతి. కాబట్టి రెచ్చగొట్టే మెసేజీ కనపడగానే తీసేయండి, దాని కింద బొటనవేలు ఎత్తే బొమ్మ కూడా పెట్టకండి. 2022 మే నెలలో అమలాపురం గొడవలప్పుడు కోనసీమలో ఇంటర్నెట్టే ఆపేశారు, చెరువుల వాళ్ళు రేట్లు తెలుసుకోడానికి కూడా దారి లేకుండా పోయింది. కులం మాట ఒక్కటి వచ్చినా రెండోది రాకముందే ఆగాలి. అక్కడ నిదానం పనికిరాదు.

---

లేసు_అల్లిక:

నేను నరసాపురం దగ్గర లేసు అల్లే ఆడవాళ్ళ గ్రూపు చూస్తానండి. రైతుల సంగతి మీకే బాగా తెలుసు, కానీ ఇక్కడ ఎవరూ అనని విషయం ఒకటుంది, అందుకే రాస్తున్నాను.

ఆరువందల మందిలో మాట్లాడేది ఎంతమంది? పట్టుమని ముప్పై మంది ఉంటారేమో. మిగతావాళ్ళు ఎవరు, ఎందుకు మాట్లాడట్లేదు, అది చూడటమే అడ్మిన్ అసలు పని అని నా నమ్మకం. మాట్లాడేవాళ్ళ గోల ఎలాగూ మన చెవిన పడుతుంది. నోరు మూసుకుని ఉన్నవాళ్ళ కష్టం పనిగట్టుకుని వెతికితేనే కనపడుతుంది.

మా దాంట్లో చాలామందికి టైపు చేయడం రాదు. అల్లడం మాత్రం చూస్తే కళ్ళు తిప్పుకోలేరు. 2024లో మా నరసాపురం లేసుకి జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది, అంత పేరున్న పని చేసే చేతులవి. కానీ గ్రూపులో ఎవరైనా చదువుకున్నావిడ చకచకా నాలుగు లైన్లు రాసేస్తే వీళ్ళు వెనక్కి తగ్గిపోయేవారు. అందుకని వాయిస్ మెసేజీ పెట్టినా అంతే విలువ అని చెప్పాం. చెప్పి ఊరుకుంటే చాలదు. వాయిస్‌లో వచ్చిన ప్రశ్నని నేను విని, ఒక లైన్లో రాసి పెడతాను, "ఫలానా అక్క అడుగుతున్నారు, 40 నంబరు దారంతో అల్లిన టేబుల్ క్లాత్‌కి ఏజెంటు ఇంత ఇస్తానంటున్నాడు, న్యాయమేనా" అని. వినే ఓపిక లేనివాళ్ళు కూడా చదివి జవాబిస్తారు. అడిగినావిడకి తన మాటని ఎవరో లెక్కలోకి తీసుకున్నారన్న ధైర్యం వస్తుంది, మర్నాడు ఇంకో ప్రశ్న అడుగుతుంది.

రెండోది నంబర్ల సంగతి. గ్రూపులో ఉంటే అందరి నంబర్లూ అందరికీ కనపడతాయి. మీ గ్రూపులో ఆడ రైతులు ఎంతమంది ఉన్నారో చూడండి, ఉన్నవాళ్ళలో ఎంతమంది సొంతంగా ఒక్క ప్రశ్నైనా అడిగారో చూడండి. ఒకామె ప్రశ్న అడగ్గానే ఎవడో వేరేగా "హాయ్ అండి" అని మెసేజీలు మొదలెడతాడు. ఆమె గ్రూపులో ఏమీ చెప్పదు, మౌనంగా వెళ్ళిపోతుంది, మనకి కారణం కూడా తెలియదు. అందుకని గ్రూపు వివరణలో రాయండి, "ఇక్కడి నంబరు తీసుకుని అడగకుండా ఎవరికీ మెసేజీ పెట్టకూడదు, ఇబ్బంది కలిగితే ఫలానా వారికి చెప్పండి". ఆ ఫలానా వారు ఆడమనిషై ఉండాలి. మీకు ఒక అక్కో వదినో ఉంటే ఆవిణ్ణి కూడా అడ్మిన్ చేయండి. ఇందులో రెండో అవకాశం ఇవ్వకండి, ఎంత పెద్ద రైతైనా సరే, ఎంత మంచి సలహాలు ఇచ్చేవాడైనా సరే.

తణుకు బాబూ, నీ రూల్సు బాగున్నాయి. కానీ మెసేజీ తీసేశాక ఎందుకు తీశారో ఆ మనిషికి ఒక ముక్క చెప్పాలి. మనూళ్ళలో పొద్దున్న గ్రూపులో తీసేసిన మనిషే సాయంత్రం పెళ్ళి భోజనంలో మన పక్క బంతిలో కూర్చుంటాడు.

---

పాలకొల్లు_రైతు:

అందరికీ చాలా థాంక్సండి. ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. ఆ కౌలు రైతుకి ఇవాళే ఫోన్ చేశాను, దోమేనంట, చేను కొంత పోయిందంట. మళ్ళీ వస్తానన్నాడు, కానీ "నేనేం అడగనులే అన్నా, చూస్తుంటాను" అన్నాడు. ఆ మాట చాలా బాధగా ఉంది.

రెండు సంగతులు ఇంకా తేలలేదు నాకు. పార్టీ వీడియోలు ఎక్కువగా పెట్టేది మా సొంత బావ. అక్క మొగుడు. ఆయన్ని ఏమన్నా అంటే ఇంట్లో గొడవ, అనకపోతే రేపు ఇంకొకరిని ఆపినప్పుడు "మీ బావకో రూలు మాకో రూలా" అంటారు.

రెండోది ఉప్పునీరు. ఒక చెరువు నుంచి ఉప్పునీరు ఊట దిగి పక్క చేను ఎర్రబారుతోందని వరి వాళ్ళు, అది జింకు లోపమని చెరువు వాళ్ళు. ప్రతి రెండు మూడు రోజులకీ రాజుకుంటుంది, బూతుల దాకా వెళ్తోంది. ఈ విషయమే మాట్లాడొద్దని పెట్టేయమంటారా?

---

లంక_మాస్టారు:

బావగారి సంగతి ముందు. మొట్టమొదట రూలు అమలు చేయాల్సింది ఆయన మీదే, ఇంకెవరి మీదా కాదు. కానీ గ్రూపులో కాదు. ఇంటికి వెళ్ళండి, అక్క ఇచ్చిన కాఫీ తాగండి, "బావా, నాకు ఈ బాధ్యత ఇచ్చారు, నువ్వు ఆపితేనే నేను ఇంకొకరికి చెప్పగలను, నీ వల్ల నాకు మాట వస్తుంది" అని అడగండి. మందలింపులా కాకుండా సాయం అడిగినట్టు అడగండి, నిజంగానే అది సాయమే కదా. మన వైపు మనుషులు అధికారానికి లొంగరు గానీ అడిగితే కాదనరు. ఆ తర్వాత కూడా పెడితే తీసేయండి, అందరి మెసేజీలూ ఎలా తీస్తారో అలాగే. ఒక్కసారి మీ బావ మెసేజీ తీసేయడం ఊరు చూసిందంటే మిగతావాళ్ళకి మీరు సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు.

---

చెరువుగట్టు:

ఉప్పునీటి విషయం మాట్లాడొద్దని మాత్రం పెట్టకండి. ఊళ్ళో అసలు సమస్య అదే అయినప్పుడు దాన్ని గ్రూపులో ఆపేస్తే అది గట్ల మీదకి వెళ్తుంది, అక్కడ చేతిలో పారలు ఉంటాయి.

నా సలహా, వాదనని కొలతలోకి తీసుకురండి. చేను ఎర్రబారడానికి ఉప్పూ కారణం కావచ్చు, జింకు లోపమూ కావచ్చు, కళ్ళతో చూసి రెండూ ఒకటే అనిపిస్తాయి చాలాసార్లు. గ్రూపులో ఎవరెంత అరిచినా తేలదు. చెరువు గట్టు పక్కన మట్టి, చేను మధ్యలో మట్టి, దూరంగా ఉన్న చివరి మడిలో మట్టి తీసి భూసార పరీక్షకి ఇవ్వాలి. ఈసీ, అంటే మట్టిలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత, 4 దాటితే అది ఉప్పు నేల కింద లెక్క. గట్టు దగ్గర ఎక్కువ ఉండి దూరం వెళ్ళేకొద్దీ తగ్గుతుంటే ఊట ఎక్కణ్ణుంచో వాళ్ళకే అర్థమవుతుంది. అన్నిచోట్లా తక్కువే ఉంటే చెరువాయన మీద నింద పోతుంది. మట్టి తీసేటప్పుడు ఇద్దరూ అక్కడే ఉండాలి, లేకపోతే "ఎక్కడి మట్టో తెచ్చాడు" అంటారు. తీస్తున్న ఫోటో గ్రూపులో పెట్టండి.

రిపోర్టు వచ్చేదాకా ఈ విషయం మీద కొత్త వాదన వద్దని, వచ్చిన రోజు పూర్తిగా మాట్లాడుకుందామని మీరు చెప్పొచ్చు. "అసలు మాట్లాడొద్దు" అనేదానికీ "ఫలానా రోజు మాట్లాడదాం" అనేదానికీ జనం దగ్గర చాలా తేడా ఉంటుంది, రెండోదైతే ఆగుతారు. ఆ రోజు మాత్రం తప్పకండి. తిట్లున్న మెసేజీలు తీసేయండి, కానీ తిట్టులో ఉన్న ఫిర్యాదుని మీ మాటల్లో రాసి ఉంచండి. తిట్టినా అతని చేను ఎర్రబడిన మాట నిజమే కదండీ.

గట్టు పక్కన ఊట కాలవ తవ్వించడం, గట్టు కింద తూములు సరిచూడటం లాంటివి అప్పుడు నీటి సంఘం వాళ్ళతో కూర్చుని మాట్లాడుకోవచ్చు. అవి గ్రూపులో తేలే పనులు కావు, తేల్చాలని చూడకండి కూడా.

---

తూములంక:

ఈ చర్చ మొత్తం చదివానండి, నేనూ కౌలుకే చేస్తున్నాను, అందుకని ఆ అబ్బాయి "నేనేం అడగనులే" అన్నదాని గురించి చెప్తాను. మాలాంటి వాళ్ళకి గ్రూపులో అడగటం అంటే భూమి గలాయన కూడా చూస్తుంటాడన్న భయం ఉంటుంది. చేను పాడైందని తెలిస్తే వచ్చే ఏడాది కౌలుకి ఇస్తాడో ఇవ్వడో, మక్తా (కౌలు సొమ్ము) ముందే కట్టమంటాడేమోనని టెన్షన్. తెలియకపోవడం కాదండి అసలు కారణం. కాబట్టి అడ్మిన్‌కి వేరేగా పంపితే పేరు లేకుండా ఆయనే గ్రూపులో అడిగే ఏర్పాటు ఉంటే మాలాంటి వాళ్ళం చాలామంది అడుగుతాం. మా ఊరి దాంట్లో ఒకన్న అలాగే చేస్తాడు, "ఒక రైతు అడుగుతున్నారు" అని పెడతాడు, ఎవరని ఎవరడిగినా చెప్పడు. ఆయన మీద నమ్మకంతోనే మేం పంపుతాం.

---

పాలకొల్లు_రైతు:

తూములంక గారూ, ఇది నాకు అస్సలు తట్టలేదండి. రేపటి నుంచే పెడతాను. ఆ తమ్ముడికీ ఇదే చెప్తాను, నాకు పంపమని.

చెరువుగట్టు గారూ, చివరిగా ఒకటి. ఇదంతా ఒక్కణ్ణే చేయలేను, దాళ్వా మొదలైతే నాకూ చేలో పనుంటుంది. ఇంకో అడ్మిన్లని ఎలాంటి వాళ్ళని పెట్టుకోవాలి?

---

చెరువుగట్టు:

చెరువుల వైపు ఒకరు, వరి వైపు ఒకరు, కౌలు రైతుల్లోంచి ఒకరు, లేసు_అల్లిక గారు అన్నట్టు ఒక ఆడమనిషి. నాలుగూ వేర్వేరు ఊళ్ళయితే ఇంకా మంచిది. ఎక్కువ మాట్లాడేవాళ్ళని కాకుండా, ఇద్దరు తగువు పడుతుంటే ఎవరి దగ్గరికి వెళ్తారో చూసి ఆ మనిషిని అడగండి. మీ అడ్మిన్లందరికీ వేరే చిన్న గ్రూపు పెట్టుకోండి, ఎవరినైనా బయట పెట్టాలంటే ఇద్దరైనా సరే అనాలి అని అనుకోండి. మనం ఒక్కళ్ళమే కోపంలో తీసుకునే నిర్ణయాలు దానితో చాలావరకు ఆగిపోతాయి. రొయ్యల సీజన్లో రాత్రి రెండు నుంచి ఐదు దాకా మెలకువగా ఉండే మనిషి ఎలాగూ చెరువు మీద ఒకరుంటారు, ఆ టైము ఆయనకి ఇచ్చేయండి. "ఆక్సిజన్ పడిపోయింది, దగ్గర్లో ఎవరి దగ్గరైనా జనరేటర్ ఉందా" అన్న మెసేజీ ఆ టైములోనే వస్తుంది.